కబురు పంపిన పైలట్

బొబ్బిలి యుద్ధం గురించి మనకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. 1757 జనవరి 24న బుస్సీ దొర ఫ్రెంచి సైన్యమూ, విజయరామరాజు సైన్యమూ కలిసి కోట మీద పడ్డాయి. తాండ్ర పాపారాయుడు అప్పుడు రాజాంలో ఉన్నాడు. కబురు వేళకి అందలేదంటారు. అతను వచ్చేసరికి కోటలో ఏమీ మిగల్లేదు. పాపారాయుడి కత్తి గురించి అందరూ చెప్తారు గాని, అందని ఆ కబురు గురించి ఎక్కువ మాట్లాడరు. నేను ఈసారి రాస్తున్నది కబురు గురించే. అయితే ఇది విమానాల యుద్ధంలోది.

రెండవ ప్రపంచ యుద్ధంలో జపాను విమానాలు మన విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. తేదీ 1942 ఏప్రిల్ 6, సోమవారం. ర్యూజో అనే విమాన వాహక ఓడ నుంచి ఆ విమానాలు వచ్చాయి. అదే రోజు కాకినాడ మీద కూడా వేశాయి. విశాఖ రేవు అప్పటికి కొత్తది, 1933లో తెరిచారు. బాంబులు పడ్డాక జనం పట్నం వదిలి మూటాముల్లె సర్దుకొని పల్లెలకు పోయారు. ఇది మన పక్కనే జరిగిన సంగతి. దీనికి రెండు రోజుల ముందు, ఇంకా దక్షిణాన, సిలోను (ఇప్పటి శ్రీలంక) దగ్గర సముద్రంలో ఒక విమానం కూలింది. అసలు పాఠం అక్కడుంది.

ఆ విమానం పేరు కాటలినా. సముద్రం మీద కాపలా తిరుగుతూ బాంబులు వేసే రకం. దాని కడుపు పడవలా ఉంటుంది, కాబట్టి నీళ్ల మీదే దిగుతుంది, నీళ్ల మీంచే లేస్తుంది. రెక్క ఒక కొస నుంచి ఇంకో కొసకి 31 మీటర్ల పైనే. ఇంజన్లు రెండు. ఒకసారి లేచిందంటే ఇరవై గంటల దాకా ఎగరగలదు. కాని మా చెడ్డ నిదానం. గంటకు సుమారు 200 కిలోమీటర్లు పోతుంది. జపాను వాళ్ల జీరో అనే యుద్ధ విమానం గంటకు 500 దాటి పోతుంది. కోడిపిల్ల మీద గద్ద అనుకోండి.

పైలట్ పేరు లియోనార్డ్ బిర్చాల్. కెనడా దేశస్థుడు, 1915లో పుట్టాడు. సిలోనుకు వచ్చి రెండు మూడు రోజులే అయింది. ఏప్రిల్ 4, శనివారం తెల్లవారకముందే కొగ్గల అనే చోట ఉప్పునీటి సరస్సు మీంచి లేచాడు. విమానంలో మొత్తం తొమ్మిది మంది. పగలంతా తిరిగారు, ఏమీ లేదు. సాయంత్రం వేళ, సిలోనుకు సుమారు 560 కిలోమీటర్ల దూరంలో (బొబ్బిలి నుంచి బస్సులో విజయవాడ దాటి పోయినంత) దక్షిణపు అంచున నల్లటి చుక్కలు కనిపించాయి.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. చుక్కలు చూసి వెనక్కి తిరిగి ఉంటే వాళ్లు బతికి బయటపడేవారేమో. కాని "ఏవో ఓడలు ఉన్నాయి" అని చెప్తే ఎవరికి ఉపయోగం? ఎన్ని ఓడలు, ఏ రకం, ఎక్కడ ఉన్నాయి, ఎటు పోతున్నాయి, ఎంత వేగం? ఇవన్నీ ఉంటేనే అది కబురు. అందుకని దగ్గరికి పోయాడు. ఉన్నవి మామూలు ఓడలు కావు. 1941 డిసెంబరులో పెరల్ హార్బర్‌ను కొట్టిన నగుమో దళమే, ఐదు విమాన వాహక ఓడలతో వస్తోంది.

జీరోలు లేచాయి. లోపల వైర్‌లెస్ అతను మోర్స్ సంకేతాలతో, అంటే చుక్కలు గీతల భాషలో, కబురు కొట్టడం మొదలుపెట్టాడు. ఒకే కబురు మూడుసార్లు పంపాలని పద్ధతి. ఒకసారి అక్షరం పోయినా రెండోసారి దొరుకుతుంది కదా. మూడోసారి పంపుతుండగా గుండ్లు తగిలి వైర్‌లెస్ పగిలిపోయింది. పెట్రోలు ట్యాంకులు అంటుకున్నాయి. పారాచూట్‌తో దూకడానికి ఎత్తు లేదు. బిర్చాల్ మండుతున్న విమానాన్ని ఎలాగో నీళ్ల మీద దించాడు. కాలు తెగిన ఒక గన్నర్ విమానంతోపాటే మునిగిపోయాడు. మిగతావాళ్లు నీళ్లలో ఈదుతుంటే పైనుంచి మళ్లీ కాల్చారు. ఇంకో ఇద్దరు పోయారు. ఆరుగురిని జపాను ఓడ ఎక్కించుకొని బందీలను చేసింది.

కబురు పంపారా అని ఓడలో అడిగారు. బిర్చాల్ పంపలేదనే చెప్పాడు. అంతలో కొలంబో నుంచి "మీ కబురు మళ్లీ చెప్పండి" అని వైర్‌లెస్ వచ్చింది. అది జపాను వాళ్లూ విన్నారు! ఇంకేటుంది, గొడ్డును బాదినట్టు బాదారు.

మర్నాడు ఏప్రిల్ 5, ఈస్టర్ ఆదివారం. నూటికి పైగా విమానాలు కొలంబో మీద పడ్డాయి. కబురు ముందే అందడం వల్ల కదలగలిగిన ఓడలు చాలా రేవు వదిలి పోయాయి, ఫిరంగుల దగ్గర మనుషులు సిద్ధంగా ఉన్నారు. అయినా నష్టం తప్పిందని రాస్తే అబద్ధం. డార్సెట్‌షైర్, కార్న్‌వాల్ అనే రెండు యుద్ధనౌకలు ఆ రోజే సముద్రంలో మునిగి 424 మంది చనిపోయారు. విశాఖ మీద బాంబులు వేసింది ఈ దళం కాదు. ఒజావా అనే సేనాని కింద వేరే దళం బంగాళాఖాతంలోకి వచ్చి ఇరవైకి పైగా సరుకు ఓడలను ముంచింది, ర్యూజో అందులోది. బిర్చాల్ చూసింది ఒక దారిని మాత్రమే.

ఈ యుద్ధం మనదా అని కొందరు అడగొచ్చు. 1939లో వైస్రాయి మనవాళ్లను అడక్కుండానే భారతదేశం యుద్ధంలో ఉందని ప్రకటించాడు. అదే 1942 ఆగస్టులో క్విట్ ఇండియా వచ్చింది. బిర్చాల్ ఎగిరింది ఆ సామ్రాజ్యం తరఫునే. నాకు మాత్రం రేవులో మూటలు మోసే కూలీకి ఆ కబురు ఎవరు పంపితే ఏమిటనిపిస్తుంది. బాంబుకి తెల్లోడు నల్లోడు తేడా తెలీదు.

బిర్చాల్ 1945 దాకా జపానులో ఖైదీగా ఉన్నాడు. అక్కడ జబ్బుపడిన ఖైదీలను పనికి తోలుతుంటే అడ్డుపడి దెబ్బలు తిన్నాడు. దొంగచాటుగా డైరీలు రాశాడు. యుద్ధం అయ్యాక విచారణల్లో ఆ డైరీలు సాక్ష్యాలయ్యాయి. 2004లో, 89 ఏళ్ల వయసులో చనిపోయాడు. సిలోను రక్షకుడని అతన్ని పిలిచేవారు.

పక్కన అంటించిన మ్యాపు నేను గీసింది. ఎర్ర చుక్క కొగ్గల, నల్ల చుక్క విమానం పడినచోటు, పైన నీలం చుక్కలు కాకినాడ, విశాఖపట్నం. బొబ్బిలి కూడా పెట్టాను. ఒక సెంటీమీటరుకు 200 కిలోమీటర్లు, స్కేలు తెచ్చుకొని కొలుచుకోండి.