ముందు జాగ్రత్త

నల్లపాడు ఆడవాళ్లకు మిరప కల్లం సంగతి తెలుసు. మబ్బు పట్టగానే కాయల మీద పట్టలు కప్పుతారు. కాయ తడిస్తే రంగు పోయి తాలు అవుతుంది. ధర పడిపోతుంది. పట్ట ఖర్చు తక్కువ. తడిస్తే నష్టం ఎక్కువ.

ప్రభుత్వం ఖర్చు కూడా ఇలాంటిదే.

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచింది. సుమారు 10 వేల మంది చనిపోయారు. ఆ తర్వాత తీరం వెంట తుఫాను షెల్టర్లు కట్టారు. 1990 మే నెలలో మళ్లీ పెద్ద తుఫాను వచ్చింది. ముందే హెచ్చరించారు. లక్ష మందికి పైగా జనాన్ని తరలించారు. ఈసారి చనిపోయినవారు వెయ్యి లోపే.

తుఫాను పోయాక బియ్యం, డబ్బు ఇస్తారు. అదీ అవసరమే. కానీ పోయిన ప్రాణం తిరిగి రాదు.

పంచిన బియ్యం అందరికీ కనపడుతుంది. తప్పిన చావు ఎవరికీ కనపడదు. అందుకే ముందు పనులు అడిగేవారు తక్కువ.

2021–26 సంవత్సరాలకు 15వ ఆర్థిక సంఘం ఒక మాట చెప్పింది. విపత్తుల నిధిలో 100 రూపాయలకు 20 రూపాయలు నష్టం తగ్గించే పనులకే ఉంచాలి.

వానలకు ముందే మీ కాలువల పూడిక తీశారా? గ్రామసభలోనో, వార్డులోనో అడగండి.

ప్రశ్నలు
1. 1977కూ 1990కూ తేడా ఎందుకు వచ్చింది?
2. మీ ఊళ్లో ముందే చేయాల్సిన పని ఏది?