‘ఎలుకలపై పరీక్షించాం’ అంటే అర్థం ఏమిటి?



పబ్లిక్ ఎగ్జామ్స్ దగ్గర పడేకొద్దీ మెమరీ టానిక్‌ల గురించి అడిగే తల్లిదండ్రులు ఎక్కువవుతారు. ఏది పట్టమంటారో చెప్పడానికి నేను డాక్టర్ని కాను. కానీ “ఎలుకల్లో జ్ఞాపకశక్తి పెరిగింది” అనే మాట వెనక ఏం జరుగుతుందో ఒక సైన్స్ టీచర్‌గా చెప్పగలను.

ఈ ప్రయోగాల్లో బాగా వాడే డబ్బా ఒకటుంది. అందులో రెండు గదులు, ఒకటి వెలుతురుది, ఒకటి చీకటిది. మధ్యలో చిన్న తలుపు. చిట్టెలుకకు చీకటంటే ఇష్టం కాబట్టి వెలుతురులో వదిలితే కాసేపట్లోనే చీకటి గదిలోకి దూరుతుంది. దూరగానే కాళ్లకు చిన్న కరెంట్ షాక్ తగులుతుంది. మర్నాడు దాన్ని మళ్లీ వెలుతురు గదిలో పెట్టి స్టాప్‌వాచ్ నొక్కుతారు. నిన్నటి షాక్ గుర్తుంటే తలుపు దాకా వెళ్లి కూడా లోపల అడుగు పెట్టదు. చాలా ల్యాబుల్లో 5 నిమిషాలు చూసి ఆపేస్తారు. ఎన్ని సెకన్లు ఆగిందో అన్ని మార్కులన్నమాట.

ఆరోగ్యంగా ఉన్న ఎలుక చాలాసార్లు ఆ 5 నిమిషాలూ ఆగిపోతుంది. నూటికి నూరు తెచ్చుకునే పిల్లకు టానిక్ పట్టి మార్కులు పెరిగాయా అని చూడలేం కదా! అందుకని ముందు ఎలుకకు మతిమరుపు తెప్పిస్తారు. అందుకు ఎక్కువగా వాడేది స్కోపోలమైన్ అనే మందు. వినాయక చవితి పత్రిలో పెట్టే ఉమ్మెత్తలో ఇది సహజంగానే ఉంటుంది. (ఉమ్మెత్త కాయలు, గింజలు విషం. పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూడండి.)

మెదడులోని నాడీకణాలు ఒకదానికొకటి కబురు పంపడానికి వాడే రసాయనాల్లో అసిటైల్‌కోలిన్ ఒకటి. కొత్త విషయం నేర్చుకునేటప్పుడు దీని పని చాలా ఉంటుంది. ఇది వచ్చి అతుక్కోవలసిన చోట స్కోపోలమైన్ అడ్డంగా కూర్చుంటుంది, కబురు అందదు. షాక్‌కు అరగంట ముందు ఆ ఇంజెక్షన్ తీసుకున్న ఎలుక మర్నాడు ఏమీ ఎరగనట్టు చీకట్లోకి వెళ్లిపోతుంది. దానితోపాటు కొత్త మందు కూడా ఇచ్చిన ఎలుక ఇంకాస్త ఎక్కువసేపు ఆగితే “జ్ఞాపకశక్తి మెరుగుపడింది” అని రాస్తారు. బ్రహ్మి లాంటి మూలికల మీద కూడా ఇలాంటి ప్రయోగాలు జరిగాయి. అక్కడ తేలేది ఒక్కటే, స్కోపోలమైన్ పోగొట్టినదాన్ని ఆ మందు కొంత నిలిపిందని. మీ అబ్బాయి మెదడులో స్కోపోలమైన్ లేదు.

అలాగని ఈ పరిశోధన దండగ కాదు. అల్జీమర్స్ వచ్చిన పెద్దవాళ్లలో అసిటైల్‌కోలిన్ తగ్గిపోతుంది. అది త్వరగా విరిగిపోకుండా చూసే డోనెపెజిల్ అనే మందును డాక్టర్లు వాళ్లకు ఇస్తున్నారు. వాళ్ల సంగతి వేరు, టెన్త్ క్లాస్ పిల్లల సంగతి వేరు.

ఈ డబ్బాలో ఇంకో తిరకాసు ఉంది. మందు వల్ల మగత కమ్మిన ఎలుక కూడా వెలుతురు గదిలోనే కూర్చుండిపోతుంది, దానికీ మంచి మార్కులే పడతాయి! క్లాసులో కదలకుండా కూర్చున్న పిల్లవాడికి పాఠం వచ్చేసిందని అనుకోవడం లాంటిది ఇది. అందుకే మంచి శాస్త్రవేత్తలు ఒక్క పరీక్షతో ఆగరు. రిచర్డ్ మోరిస్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1980ల మొదట్లో ఎలుకల కోసం నీటి తొట్టి పరీక్ష తయారుచేశారు. నీళ్ల కింద కనబడకుండా చిన్న అరుగు ఉంటుంది. ఈదుతూ దాన్ని ఎంత త్వరగా చేరుతుందో రోజురోజుకీ కొలుస్తారు. ఈత వేగం కూడా కొలుస్తారు కాబట్టి మగతగా ఉందా, నిజంగా మరిచిపోయిందా అన్నది తేలుతుంది.

కాబట్టి టానిక్ కొనేముందు లేబుల్ చదివి, ఆరోగ్యంగా ఉన్న పిల్లల మీద పరీక్షించారా, ఎంత మోతాదులో అని చూడండి. పిల్లలు మామూలు కంటే ఎక్కువగా మరిచిపోతున్నారని అనిపిస్తే పిల్లల డాక్టర్‌కు చూపించండి. రాత్రి ఎన్ని గంటలకు పడుకుంటున్నారో కూడా ఆయనకు చెప్పండి. రక్తహీనత ఉందేమో, థైరాయిడ్ సమస్య ఉందేమో చూడటానికి చిన్న రక్తపరీక్ష సరిపోతుంది.