కొమ్ముల ఆట – బల్లెం ఆట

పూర్వపు వేటను, యుద్ధాన్ని ఆటగా మార్చి పండుగలో ఆడుకోవడం చాలా దేశాల్లో ఉంది. అలాంటి రెండు ఆటలను ఇక్కడ పోల్చి చూద్దాం. ఒకటి మన పోలవరం ఏజెన్సీది, రెండోది ఇటలీ దేశానిది.

కొమ్ముల ఆట: పోలవరం, భద్రాచలం ప్రాంతాల కోయలు పండుగలకు, పెళ్లిళ్లకు ఈ ఆట ఆడతారు. మగవాళ్లు తలకు అడవిదున్న కొమ్ములు, నెమలి ఈకలు కట్టుకొని, మెడలో పెద్ద డోళ్లు వేసుకొని వాయిస్తూ తిరుగుతారు. ఆడవాళ్లు ఒకరినొకరు పట్టుకొని వరుసగా అడుగులు వేస్తారు. డోలు జోరందుకోగానే కొమ్ములవాళ్లు తలలు వంచి దున్నల్లా ఢీకొంటారు. ఇందులో గెలిచినవాడు, ఓడినవాడు ఉండరు. 1972 నాటి వన్యప్రాణి చట్టం అడవిదున్న వేటను నిషేధించింది. అందుకే తాతలనాటి కొమ్ములను ప్రాణంగా దాచుకోవాలి.

బల్లెం ఆట: ఇటలీలోని అరెజ్జో పట్టణంలో ఏటా జూన్, సెప్టెంబరు నెలల్లో జరుగుతుంది. ముందుగా వందలాది మంది పాతకాలపు దుస్తులతో, జెండాలతో, బాకాలతో ఊరేగుతారు. తర్వాత నాలుగు పేటల రౌతులు గుర్రాలను దౌడు తీయిస్తూ, ఒక బొమ్మ పట్టుకున్న డాలును బల్లెంతో పొడుస్తారు. దెబ్బ తగలగానే బొమ్మ గిర్రున తిరుగుతుంది. దాని చేతి కొరడాకు చిక్కకుండా రౌతు తప్పించుకోవాలి. డాలుపై 1 నుంచి 5 వరకు అంకెలుంటాయి. గెలిచిన పేటకు బంగారు బల్లెం బహుమతి. ఆ బొమ్మకు వాళ్లు పెట్టిన బిరుదు ‘ఇండీస్ రాజు’!

తేడా ఏమిటి? అక్కడ పొడవడానికి ఒక శత్రువు బొమ్మ కావాలి. మన ఆటలో శత్రువే లేడు. ఇద్దరివీ కొమ్ములే, ఇద్దరిదీ ఒకే ఊరు.

నేర్చుకోవలసింది: మధ్యలో ఆగిపోయిన ఆ ఆటను అరెజ్జోవాళ్లు 1931లో మళ్లీ మొదలుపెట్టారు. నేటికీ నిలబడిందంటే ఆ నాలుగు పేటలే కారణం. ప్రతి పేటకూ తన రంగులు, తన దుస్తులు, తన రౌతులు ఉన్నారు. మరి మన సంగతి? పోలవరం ప్రాజెక్టు ముంపు వల్ల ఎన్నో కోయ గూడేలు కాలనీలకు తరలిపోయాయి. కొమ్ములను మూటకట్టి తీసుకుపోవచ్చు. కానీ డోలు వినగానే ఇళ్లలోంచి బయటికొచ్చే ఇరుగుపొరుగును మూటకట్టలేం కదా! వేదికపై అతిథుల స్వాగతానికి ఆడితే ఫొటోలు మిగులుతాయి. ఆట బతకాలంటే కాలనీ నడుమ కూడా పండుగ జరగాలి.

అందుకే ఈ సెలవుల్లో పెద్దల దగ్గర కూర్చుందాం. పాటలు నోటుపుస్తకంలో రాసుకుందాం. ఒక్కొక్కరం ఒక్క డోలు దరువైనా నేర్చుకొని హాస్టలుకు తిరిగొద్దాం.