ఉన్నత పాఠశాల విద్యార్థులకు అర్థశాస్త్ర పోటీలు

గణితశాస్త్రంలో అంతర్జాతీయ ఒలింపియాడ్ 1959లో రుమేనియాలో ఆరంభమైనది. భౌతికశాస్త్రానికి 1967లో వార్సాలోను, రసాయనశాస్త్రానికి 1968లో ప్రాగ్‌లోను ఇట్టి పోటీలు మొదలైనాయి. అర్థశాస్త్రం మాత్రం ఈ వరుసలో చాలా వెనుకబడిపోయింది. ఈ శాస్త్రంలో నోబెల్ స్మారక బహుమతి 1969 నుండి ఇస్తున్నారు. అయినా ఉన్నత పాఠశాల విద్యార్థుల అంతర్జాతీయ అర్థశాస్త్ర ఒలింపియాడ్ తొలిసారి జరిగినది 2018లో, మాస్కోలో. ఆలస్యానికి కారణం ఊహించడం కష్టం కాదు. పైన చెప్పిన మూడు పోటీలూ పుట్టినది ఆనాటి సోషలిస్టు దేశాలలో. త్రిభుజ కోణాల మొత్తం ఏ రాజ్యంలోనైనా ఒక్కటే. బియ్యం ధరను నిర్ణయించవలసినది సంతా, సర్కారా అన్న ప్రశ్నకు మాత్రం ఆ రోజులలో దేశానికొక సమాధానం వుండేది.

దేశాల మధ్య పోటీ ఏర్పడక ముందే కొన్ని దేశాలు తమలో తాము ఇట్టి పోటీలు నడుపుకున్నాయి. అమెరికాలో 1949లో ఏర్పడిన అర్థశాస్త్ర విద్యామండలి నిర్వహించే జాతీయ పోటీలో కొత్తగా ఈ శాస్త్రం చదివేవారికి డేవిడ్ రికార్డో పేరిట ఒక విభాగం, పై స్థాయివారికి ఆడం స్మిత్ పేరిట మరొక విభాగం వున్నాయి.

అంతర్జాతీయ ఒలింపియాడ్‌కు ఒక్కొక్క దేశం నుండి ఐదుగురు విద్యార్థుల జట్టు వెళుతుంది. కోవిడ్ కారణంగా 2020, 2021 సంవత్సరాలలో పోటీ ఆన్‌లైన్‌లో జరిగింది. 2023లో గ్రీసు దేశంలోని వోలోస్‌లోను, 2024లో హాంకాంగ్‌లోను, 2025లో బాకూలోను విద్యార్థులు సమావేశమైనారు. భారత జట్లు కూడా ఇందులో పాల్గొన్నాయి. పోటీలో మూడు అంగాలు. మొదటిది అర్థశాస్త్ర సిద్ధాంతంపై వ్రాతపరీక్ష. రెండవది పొదుపు, పెట్టుబడి, నష్టభయం వంటి విషయాలలో నిర్ణయశక్తిని పరీక్షించే ఆర్థిక క్రీడ. మూడవది ఒక వ్యాపార సమస్యను జట్టంతా కలిసి పరిశీలించి, న్యాయనిర్ణేతల ఎదుట పరిష్కారం చెప్పడం. మూడింటిలోను విద్యార్థి బుద్ధికి అసలైన పదును పెట్టేది మొదటిదే.

ఇటువంటి పరీక్షకు తగిన సమస్యను ఒకదానిని తీసుకొందాము. ఒక సంతలో ఉల్లిపాయలు కిలో 20 రూపాయల వద్ద 60 బస్తాలు అమ్ముడవుతున్నాయి. సరిగ్గా అన్నే వస్తున్నాయి. ధర ఒక రూపాయి పెరిగితే కొనుగోలు రెండు బస్తాలు తగ్గుతుంది, రైతులు తెచ్చే సరుకు మూడు బస్తాలు పెరుగుతుంది. ధర తగ్గితే ఇందుకు వ్యతిరేకం. పేదల మేలు కోరి అధికారులు కిలో 15 రూపాయలకు మించి అమ్మరాదని ఆజ్ఞాపించారు. ఏమి జరుగుతుంది?

కొనగోరేవారికి 70 బస్తాలు కావాలి, వచ్చేవి 45. కొరత 25 బస్తాలు. ఇంతవరకు పాఠ్యపుస్తకం చదివిన ప్రతివారూ వ్రాయగలరు. ఆ 45 బస్తాలను ఎక్కువ ఇచ్చేవారికే చాటుగా అమ్మితే ధర ఎంత? కొనుగోలు 45 బస్తాలకు తగ్గవలెనంటే ధర 27 రూపాయల 50 పైసలకు చేరవలె. ధర తగ్గించవచ్చిన ఆజ్ఞ చాటు బజారులో దానిని మునుపటికంటె పెంచినదన్నమాట!

అయితే ఇక్కడితో ఆగితే సమాధానం సగమే. పంట అప్పటికే కోసి, 60 బస్తాలూ సంతకు చేరి వుంటే? ఆనాటికి కొరత పది బస్తాలే. చాటు ధర సైతం పాత 20 రూపాయలను దాటదు. దెబ్బ తగిలేది మరుసటి పంటకు, రైతు ఉల్లి మాని వేరొకటి వేసినప్పుడు. సంవత్సరంలో ఏ దినాన్ని గురించి మాట్లాడుతున్నామో చెప్పకుండా ఆజ్ఞ మంచిదనీ చెడ్డదనీ వాదించుకోవడం వృథా.

ఇంకొక మెట్టు ఎక్కవచ్చు. కొనేవారికి 15 రూపాయలకే 70 బస్తాలూ అందవలెనంటే రైతుకు ఎంత ముట్టాలి? 23 రూపాయల 33 పైసలు. అనగా కిలోకు 8 రూపాయల 33 పైసలు ఖజానా భరించవలె. ఇది భారతీయ విద్యార్థికి కొత్త లెక్క కాదు. 1965లో భారత ఆహార సంస్థ స్థాపన, కనీస మద్దతు ధర, రేషను దుకాణం, వీటన్నిటి వెనుక వున్నది ఈ లెక్కే. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం చేపట్టిన కిలో రెండు రూపాయల బియ్యం పథకంపై నాడు సాగిన చర్చలో ముఖ్యాంశం కూడా ఆ తేడాను ఎవరు భరించాలన్నదే. తమ ఇంటి రేషను కార్డును ఎరిగిన పిల్లవాడు ఈ సమస్యను నగరంలోని ఖరీదైన బడిలో చదివేవానికంటె త్వరగా పట్టుకోగలడు.

కాని అతడు పోటీ గది వరకు చేరడమే కష్టం. అంతర్జాతీయ పోటీ ఆంగ్లంలో జరుగుతుంది. మన పాఠశాలలలో పదవ తరగతి వరకు అర్థశాస్త్రం సాంఘికశాస్త్రంలో ఒక భాగం మాత్రమే. ఇంటర్మీడియట్‌లో ఎం.ఇ.సి., సి.ఇ.సి., హెచ్.ఇ.సి. వర్గాలు ఎన్నుకొన్నవారికే అది ప్రత్యేక విషయమవుతుంది. ఈ దృష్టితో చూస్తే 2023లో భారతీయ రిజర్వు బ్యాంకు జరిపిన అఖిల భారత క్విజ్ గమనింపదగినది. అది ప్రభుత్వ పాఠశాలల 8 నుండి 10 తరగతుల పిల్లలకు ఉద్దేశింపబడి, బ్లాకు స్థాయిలో మొదలై జిల్లా, రాష్ట్ర స్థాయిల మీదుగా జాతీయ స్థాయికి సాగింది. అయితే క్విజ్‌లో జ్ఞాపకశక్తికి వున్న చోటు తర్కానికి లేదు. పై ఉల్లిపాయల లెక్క వంటిది అరనిమిషంలో తేలేది కాదు.

భాష విషయంలో తెలుగు విద్యార్థి వట్టి చేతులతో లేడు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ప్రచురించిన పాఠ్యగ్రంథాల ద్వారా సమతౌల్య ధర, అవకాశ వ్యయం, డిమాండు వ్యాకోచత్వం వంటి మాటలు తరగతి గదులలో స్థిరపడినాయి. ఒక పాఠశాలలో నలుగురైదుగురు కూడి, వారానికొక సారి దగ్గరి రైతు బజారు ధరల పట్టిక వ్రాసుకొని, ఒక ధర ఎందుకు మారినదో తెలుగులోనే వాదించి, పిదప అదే వాదాన్ని ఆంగ్లంలో ఒక పుటకు కుదించి వ్రాస్తే, వ్రాతపరీక్షకూ జట్టు పోటీకీ ఒక్క పనితో సాధన జరుగుతుంది. ఇందుకు కావలసినది ఒక నోటుపుస్తకం, శనివారం సాయంత్రం ఒక గంట.