మొదటి కారు కొనే ముందు

చిరంజీవి పాపకు,


లైసెన్సు చేతికొచ్చిందనీ, కారు చూస్తున్నావనీ మీ నాయన చెప్పినాడు. చాలా సంతోషం. మన ఇంట్లో ఆడపిల్ల స్టీరింగ్ పట్టుకోవడం నీతోనే మొదలు. ఎర్రమంచి పక్క పని చేస్తున్నావు కాబట్టి, కియా ఫ్యాక్టరీలోంచి కొత్త బండ్లు లారీలకెక్కి పోయేది రోజూ చూస్తుంటావు. 2019లో సెల్టోస్‌తో మొదలైనప్పటి నుంచి మన పక్క ఏ పెండ్లికి పోయినా పెద్ద బండి మాటే. నీకూ ఆశ ఉంటుంది, తప్పు లేదు. కానీ మొదటి కారుకు పెట్టే ప్రతి రూపాయీ నిన్ను కాపాడేదానికీ, నీ చేయి తిరిగేదానికీ ఖర్చు కావాల. బండి సైజు చూసి నలుగురూ మెచ్చుకునేదానికి కాదు.

ముందు కారు ఎందుకో తేల్చుకో. డ్యూటీకి కంపెనీ బస్సు ఉంది, దాన్ని మానొద్దు. మీ అమ్మను పుట్టపర్తి ఆసుపత్రికి తీసుకుపోవడం, కదిరికో ధర్మవరానికో పోయి రావడం, పండగకు లేపాక్షి. నీ అవసరం ఇంతే. దీనికి చిన్న పెట్రోలు కారు చాలు. డీజిల్ జోలికి పోవద్దు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ బండ్లలో పొగ మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. దగ్గర దగ్గర తిరుగుళ్లకే వాడితే అది మూసుకుపోతుంది, బాగు చేయించాలంటే చేతి చమురు వదులుతుంది.

ఇక డబ్బు. షోరూం వాళ్లు కంతు ఎంతో చెప్తారు, మొత్తం ఎంతో చెప్పరు. 4 లక్షలు 10 శాతం వడ్డీకి తీసుకుంటే, 5 ఏండ్లకు నెలకు సుమారు 8,500. అదే 7 ఏండ్లకైతే 6,640. తక్కువే కదా అనిపిస్తుంది. కానీ అయిదేండ్లలో కట్టేది 5 లక్షల 10 వేలు, ఏడేండ్లలో కట్టేది 5 లక్షల 58 వేలు. పాత బండికి వడ్డీ ఇంకా ఎక్కువే వేస్తారు. కంతు మీద పెట్రోలు, ఇన్సూరెన్సు, సర్వీసు, టైర్లు ఉండనే ఉన్నాయి. అన్నీ కలిపి నెలకు ఎంతవుతుందో కాగితం మీద రాసి, అంత సొమ్ము మూడు నెలలు వరసగా బ్యాంకులో వేసి చూడు. ఇల్లు ఇబ్బంది లేకుండా గడిస్తే ఆ బండి నీ తాహతులో ఉన్నట్టు. ఆ మూడు నెలల సొమ్ము కొనేటప్పుడు అక్కరకొస్తుంది కూడా.

సెకండ్ హ్యాండ్ తీసుకున్నా నామోషీ ఏమీ లేదు. మోడల్ కంటే ముందు తయారైన సంవత్సరం చూడు. 2019 ఏప్రిల్ నుంచి ప్రతి కొత్త కారుకూ ఏబీఎస్ తప్పనిసరి చేసినారు. అదే ఏడాది జులై నుంచి డ్రైవరు ఎయిర్‌బ్యాగు, స్పీడు 80 దాటితే మోగే హెచ్చరిక వచ్చినాయి. ముందు సీట్లు రెండింటికీ ఎయిర్‌బ్యాగులు అన్ని కార్లకూ తప్పనిసరి అయ్యింది 2022 జనవరి నుంచి. అందుకే 2022కు ముందు బండి ఎంత తళతళలాడినా వద్దు. ఏబీఎస్ ఎందుకంటావా, కొత్తగా నేర్చినవాళ్లు భయంలో బ్రేకు మీద నిలబడిపోతారు. అప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా, బండి చెప్పిన మాట వినేట్టు చేసేది ఏబీఎస్.

మీ అమ్మ మోకాళ్లకు వేగనార్ ఎక్కి దిగేదానికి సులువు, స్పేర్లు ఏ ఊళ్లో అయినా దొరుకుతాయి. ఆ మాట ఒప్పుకుంటా. కానీ గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు గుద్దించి చూసిన పరీక్షల్లో, పెద్దవాళ్ల రక్షణకు 2020లో టియాగోకు 4 స్టార్లు వచ్చినాయి. 2023లో ఆల్టో కె10కు 2, వేగనార్‌కు 1 మాత్రమే. నా ఓటు టియాగోకే. ఒక్క సంగతి: 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. పాత బండి బేరం చేసే ముందు అదే మోడల్ కొత్తది ఆన్‌రోడ్డు ఎంతో కనుక్కో. తేడా కొంచెమే అయితే కొత్తదే నయం.

బెంగళూరు నుంచి కేఏ నంబరు బండ్లు తెచ్చి చౌక అని చూపిస్తారు. అక్కడి ఆర్టీఓ ఎన్‌ఓసీ తేవాల, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాల, ఏడాది దాటితే మన రాష్ట్రం నంబరు వేయించక తప్పదు. అవన్నీ కలిపితే చౌక ఎక్కడా కనపడదు. ఏపీ నంబరు బండే చూడు. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఫైనాన్స్ ఉందా, చలాన్లు ఉన్నాయా చూసుకో. అప్పు తీరిపోయిందని నోటి మాట చెప్తే నమ్మవద్దు, బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికి రావాల. ఛాసిస్ నంబరు ఆర్సీతో సరిపోల్చు. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడు, ఒండ్రు మరక ఉంటే నీళ్లలో మునిగిన బండి. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగు లైటు వెలిగి ఆరిపోవాల. వెలగకపోయినా, ఆరకపోయినా వదిలేయ్. మధ్యాహ్నం ఎండలో ఏసీ వేసి అరగంట నడుపు. కొన్న 14 రోజుల్లో ఇన్సూరెన్సు నీ పేరుకు మార్పించు, లేకుంటే బండి దెబ్బ తిన్నప్పుడు నీ చేతికి ఏమీ రాదు.

కొన్నాక మొదటి నెలలు తెల్లవారుజామున గోరంట్ల రోడ్డులో నడుపు. పాలసముద్రం దాటి హైవే ఎక్కేది తర్వాత, పక్కన చేయి తిరిగినవాళ్లు ఉన్నప్పుడే. రాత్రి పూట వద్దు. వెనక లైటు లేని ట్రాక్టరు ట్రాలీ దగ్గరికొచ్చేదాకా కనపడదు. గొర్రెల మంద అడ్డమొస్తే హారన్ కొట్టకుండా ఆగు. ఉలవ, కంది కోతలప్పుడు రోడ్డు మీదే కట్టె పరిచి కళ్లాలు చేస్తారు. ఆ కట్టె మీద ఎక్కించవద్దు. ఎండు కట్టె కింద చుట్టుకుని సైలెన్సరు వేడికి అంటుకుంటే కారే కాలిపోతుంది. పక్కన దారి లేకుంటే దిగి, కట్టె పక్కకు జరపమని అడుగు. మన వాళ్లే, కాదనరు.

రెండేండ్లు అట్లా నడిపినాక పెద్ద బండి కొంటానంటే నేనే ముందు నిలబడతా. ఇప్పుడు మాత్రం అడ్వాన్సు ఇచ్చే ముందు నాకు ఫోన్ చెయ్. ఏ ఊరైనా సరే, నమ్మకమైన మెకానిక్‌ను వెంటబెట్టుకుని వస్తా.

ఇట్లు,
మీ పెదనాయన
ఓబులదేవరచెరువు