వీధి హాకీ

హాకీ యనగానే మనకు పచ్చిక మైదానమును, పక్షమునకు పదునొకండ్రు ఆటగాండ్రును, ధ్యాన్‌చంద్ పేరును జ్ఞప్తికి వచ్చును. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలలో భారతదేశమునకు బంగారు పతకము తెచ్చిన ఆట అదియే. కాని కెనడా దేశములో హాకీ యన్నచో అర్థము వేరు. అచట శీతకాలమున చెరువులలోని నీరు గడ్డకట్టి రాతినేలవలె గట్టిపడును. ఆ మంచుమీద, అడుగున ఉక్కు అంచులు గల స్కేట్లు తొడిగికొని, పక్షమునకు ఆరుగురు చొప్పున ఆడు ఆటనే వారు హాకీ యందురు. 1875వ సంవత్సరము మార్చి 3వ తేదీన మాంట్రియల్ నగరములో, పైకప్పు గల ఒక క్రీడాశాలలో, ఆ ఆటను ప్రేక్షకుల యెదుట క్రమబద్ధముగా ఆడిరి. 1994లో ఆ దేశపు పార్లమెంటు దానిని శీతకాలపు జాతీయక్రీడగా చట్టము ద్వారా గుర్తించినది. 2002లో వెలువడిన ఐదు డాలర్ల నోటుమీద మంచుపై హాకీ ఆడుచున్న పిల్లల చిత్రమును ముద్రించిరి. ఆ ఆటపై ఆ ప్రజలకు గల మక్కువ అంతటిది.

మంచు కరగిన పిమ్మట ఆ పిల్లలు కర్రలను అటకమీద దాచిపెట్టుదురా? లేదు. వీధిలోనికి తెత్తురు. స్కేట్లకు బదులు మామూలు కాలిజోళ్ళు. మంచుమీద జారు నల్లని రబ్బరు బిళ్ళకు బదులు టెన్నిసు బంతి. మైదానమునకు బదులు ఇంటిముందరి తారురోడ్డు. ఇదియే వీధి హాకీ. దానిని నేను ఎట్లు నేర్చితినో, ఒక పందెములో ఎట్లు పాల్గొంటినో ఇచట చెప్పెదను.

2017వ సంవత్సరపు వేసవిలో మా నాన్నగారి ఉద్యోగము కారణముగా మేము గుంటూరు విడిచి టొరంటో నగరమునకు చేరితిమి. అప్పటికి నాకు పదమూడేండ్లు. గుంటూరులో వీధి యనగా మాకు ఇంటికి ముందున్న మరియొక గది వంటిది. గోటీబిళ్ళయు, చెడుగుడును, క్రికెట్టును అందులోనే సాగెడివి. టొరంటోలోని మా వీధి అట్లు కాదు. ఇరువైపుల చెట్లు, మూసిన తలుపులు, నిశ్శబ్దము. మొదటి వారమంతయు నేను కిటికీ యొద్ద కూర్చుండి దిగులుతో కాలము గడపితిని.

ఒక సాయంకాలము నేలమీద కర్రలు రాచుకొనుచున్న చప్పుడు వినబడెను. తొంగిచూడగా పదిమంది బాలబాలికలు రోడ్డు మధ్యలో రెండు వల చట్రములు నిలిపి బంతి వెంట పరుగులిడుచుండిరి. అంతలో ఒకడు "కార్!" అని గట్టిగా అరచెను. మరుక్షణము ఆట ఆగెను. ఇద్దరు ఒక చట్రమును, ఇద్దరు మరియొక దానిని ఎత్తి ప్రక్కకు తీసిరి. కారు మెల్లగా సాగిపోయెను. "గేమ్ ఆన్!" అని మరల కేక. చట్రములు తిరిగి యథాస్థానమునకు వచ్చెను, ఆట సాగెను. ఎవ్వరును విసుగుకొనలేదు. కారు నడుపువారు చేయి ఊపిరి. పిల్లలును చేయి ఊపిరి. వీధి హాకీలో నేను నేర్చిన మొదటి పాఠము, ఆట ఎట్లు ఆడవలెనన్నది కాదు, ఎట్లు ఆపవలెనన్నది.

మరునాడు ప్రక్కయింటి బాలిక తన యన్నగారి పాత కర్ర నొకటి నాకిచ్చి ఆటకు పిలిచెను. పక్షములను విభజించు పద్ధతి చూచి నాకు నవ్వు వచ్చెను. అందరును తమ కర్రలను రోడ్డు నడుమ కుప్పగా వేయుదురు. ఒకరు కన్నులు మూసికొని, చేతికి దొరికిన కర్రను ఒకటి ఇటు, ఒకటి అటు విసరుదురు. ఎవరి కర్ర ఎటు పడునో వారు ఆ పక్షము. బాగుగా ఆడువానిని ముందుగా ఎన్నుకొనుటయు, రానివానిని చివరకు మిగుల్చుటయు ఇందులో లేవు. క్రొత్తవాడనైన నాకు ఆ పద్ధతి ఎంత ఊరట నిచ్చెనో చెప్పజాలను.

మన హాకీలో కర్ర యొక్క చదునైన వైపుతో మాత్రమే బంతిని కొట్టవలెను. అచట రెండు వైపులతోను కొట్టవచ్చును. కర్రను నడుము కంటె పైకి ఎత్తరాదు. మనిషిని త్రోయరాదు. నిర్ణేత యనువాడు లేడు. ఎవరు తప్పు చేసిరో వారే చేయెత్తి ఒప్పుకొనవలెను. తగవు తెగనిచో బంతిని నడుమ నుంచి మరల మొదలుపెట్టవలెను.

ఆ వీధిలో ఆట ఎల్లప్పుడును ఇంత స్వేచ్ఛగా సాగలేదని తరువాత తెలిసినది. ఆ నగరములో వీధులయందు బంతి ఆటలు చాలకాలము నిషిద్ధములు. నిషేధమును తెలుపు పలకలు పెక్కు వీధులలో ఉండెడివి. పిల్లలు ఆడుచునే యుండిరి. ఫిర్యాదులు వచ్చుచునే యుండెను. తుదకు 2016లో నగరపాలకమండలి ఆ నిషేధమును సడలించి, వాహనములు మెల్లగా పోవు నివాసవీధులలో పగటివేళ ఆడుకొనుటకు అనుమతించినది. చట్టము మారినను అందరి మనస్సులును ఒక్కనాట మారవు గదా! మా వీధి చివరి యింట ఒక వృద్ధురాలు ఉండెడిది. మా అమ్మ ఆమెను ఇంటిలో "మామ్మగారు" అని వ్యవహరించెడిది. బంతి తగిలి ఆమె పూలకుండీలు రెండు పగిలినవి. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి: ఆమె భర్త రోగి. వారమునకు రెండు మూడుసార్లు ఆయనను ఆసుపత్రికి తీసికొనిపోవలసి యుండెను. "నాకు దారి కావలెను. అది ఏ వేళనో నేను ముందుగా చెప్పలేను" అని ఆమె అనెడిది. ఆమె మాటలో అన్యాయ మేమున్నది?

ఆగస్టు మాసమున మా వీధివారును ఇరుగుపొరుగు వీధులవారును కలిసి ఒక పందెము జరుప నిశ్చయించిరి. ఇట్టివి ఆ దేశమునకు క్రొత్త కాదు. 2003లో 'ప్లే ఆన్' అను పేర మొదలైన వీధి హాకీ పోటీ తరువాత అనేక నగరములకు వ్యాపించినది. మాది అంత పెద్దది కాదు. ఎనిమిది జట్లు, జట్టునకు నలుగురు ఆటగాండ్రు, ఒక గోలు రక్షకుడు. బాలురు, బాలికలు, కొన్ని జట్లలో తండ్రులును తల్లులును కూడ. మా జట్టునకు నాయకురాలు ఆ ప్రక్కయింటి బాలికయే.

పందెమునకు ఒక దినము వీధిని మూయవలెను గనుక, మేము ఇంటింటికి తిరిగి అందరి సమ్మతి సంతకములు కోరితిమి. మామ్మగారు చాలసేపు ఆలోచించి, "నా కారు కనబడిన క్షణమున ఆట ఆపెదమని మాట యిచ్చినచో సంతకము చేసెదను" అనెను. మా నాయకురాలు వెంటనే మాట యిచ్చెను. మేమందరము తలలూపితిమి.

పందెపు లెక్క పెద్దలు మాచేతనే వేయించిరి. ఎనిమిది జట్లను నాలుగేసి చొప్పున రెండు వర్గములు చేసితిమి. వర్గములో ప్రతి జట్టును మిగిలిన మూడింటితో ఆడవలెను. అనగా వర్గమునకు ఆరు ఆటలు, రెంటికిని పండ్రెండు. ఆపై ఉపాంత్యములు రెండు, అంతిమము ఒకటి, మొత్తము పదునైదు. ఆటకు పదేసి నిమిషముల భాగములు రెండు. కావున ఆడు కాలమే అయిదు గంటలు! విరామములు కలుపుకొనిన ఉదయము తొమ్మిది గంటలకు ఆరంభించిననే గాని సాయంకాలమునకు ముగియదు.

ఆ దినమున వీధి మొగలో అడ్డుచట్టము నిలిపి, ఇద్దరు పెద్దలు కావలి యుండిరి. ఇండ్లముందర బల్లలు వేసి ఎవరికి తోచిన వంటకము వారు తెచ్చిరి. మా అమ్మ పెద్ద గిన్నెతో పులిహోర తెచ్చెను. మొదట సందేహముతో ఒక చెంచా రుచిచూచినవారే మరల పళ్ళెములు పట్టుకొని వచ్చిరి. తలుపులు మూసికొనియుండిన ఆ వీధిలో అంతమంది నివసించుచున్నారని నేను ఆనాడే తెలిసికొంటిని.

మొదటి ఆటలో నేను బంతిని తాకినది మూడుసార్లే. రెండవ దానిలో మేము గెలిచితిమి. మూడవ దానిలో నేను ఒక గోలు వేసితిని. ఎట్లో ఉపాంత్యమును దాటి అంతిమమునకు చేరితిమి. ఎదుటివారు వెనుకవీధి జట్టు. వారు రెండు గోలులు, మేమును రెండు. గడియారము చూచుచున్న పెద్దాయన "ఇక రెండు నిమిషములు" అని చెప్పెను.

అప్పుడు బంతి నా కర్రకు చిక్కెను. ఎదుటి గోలు రక్షకుడు ఒకవైపునకు దూకి నేలమీద పడియుండెను. చట్రము పూర్తిగా తెరచియున్నది. అడ్డుకొనువారు లేరు. నేను కర్ర వెనుకకు తీసితిని. ఆ చట్రమునకు ఆవల, వీధి మొగలో, కావలివారు అడ్డుచట్టమును తొలగించుచుండుటయు, బూడిదరంగు కారు ఒకటి లోనికి తిరుగుటయు నాకు కనబడెను. అందరి కన్నులును బంతిమీదనే యున్నవి. కారును చూచినవాడను నేనొక్కడనే.

కారు ఇంకను దూరముననే యున్నది. బంతిని నెట్టుటకు అరక్షణము చాలును. పిమ్మట అరచినను ఎవ్వరికిని ప్రమాదము లేదు, ఎవ్వరికిని తెలియదు. నా మనస్సు ఇట్లు వాదించుచునే యుండెను. కాని ఆ వాకిట మేమిచ్చిన మాట "ప్రమాదమున్నచో" అని కాదు. "కనబడిన క్షణమున" అని.

"కార్!" అని అరచితిని.

ఆట ఆగెను. చట్రములు ప్రక్కకు లేచెను. కారు మెల్లగా మా నడుమ నుండి సాగెను. ముందు సీటులో మామ్మగారి ప్రక్కన ఆమె భర్త కన్నులు మూసికొని వాలియుండెను. ఆమె అద్దము దించి, "ఎవరిది పైచేయి?" అని అడిగెను. "రెండు, రెండు" అని ఎవరో చెప్పిరి. ఆమె తల పంకించి ముందుకు సాగెను.

నియమము ప్రకారము బంతిని నడుమ నుంచి మరల మొదలుపెట్టిరి. కడపటి నిమిషమున ఎదుటివారు గోలు వేసిరి. మేము ఓడితిమి.

మా జట్టులోని ఒక బాలుడు కర్రను నేలకు కొట్టి, "కారు అంత దూరమున ఉన్నదే! బంతి వేసి అరచిన నేమి?" అని నన్ను నిలదీసెను. నాకు సమాధానము తోచలేదు. గెలుపును చేజార్చితినన్న బాధ నాకు మాత్రము లేదా? అప్పుడు మా నాయకురాలు చట్రమును మడచుచు, తల యెత్తకయే, "వచ్చే యేడు ఆ యింటికి సంతకమునకు ఎవరు వెళ్ళవలెను? మనమే గదా!" అనెను. ఆ బాలుడు మరేమియు అనలేదు. కాని ఆ సాయంకాలమంతయు నాతో మాటలాడలేదు. రెండు దినముల తరువాత మా గుమ్మము యొద్దకు వచ్చి, "కుప్పలో కర్ర వేయుదువా?" అని పిలిచెను.

2018లో మరల సంతకములకు తిరిగినప్పుడు మామ్మగారు కాగితము చదువకయే సంతకము చేసెను. పందెము నాడు ఆమె తన వాకిట రెండు కుర్చీలు వేయించెను. ఒకదానిలో ఆమె భర్త, కాళ్ళపై దుప్పటి కప్పుకొని, ఆటను చూచుచు కూర్చుండెను. ఆ యేడును మేము గెలువలేదు.

ఇప్పుడు నేను గుంటూరు వచ్చినప్పుడెల్ల మా పాత వీధిలో పిల్లలు క్రికెట్టు ఆడుట చూచెదను. కూరగాయల తోపుడుబండి వచ్చినప్పుడు బంతి వేయువాడు చేయి దించి ఆగును, బండి పోవును, ఆట మరల సాగును. ఆ పిల్లలకు టొరంటో తెలియదు, వీధి హాకీ తెలియదు. అయినను ఆ ఆటలోని మొదటి నియమము వారికి తెలిసియే యున్నది. మైదానము ఆడువారి సొత్తు కావచ్చును. వీధి అందరిది. అందులో ఆడుకొను హక్కు, దారి విడుచుట నేర్చినవారికే నిలుచును.