పాలసీసా పరిశుభ్రత

ఈ సంచికను చదువు విద్యార్థినీ విద్యార్థులలో చాలమంది ఇండ్లలో తమ్ముడో, చెల్లెలో, అక్కగారి బిడ్డయో పాలు త్రాగు వయసులో ఉండవచ్చును. తల్లి వంటపనిలోనో, ఉద్యోగములోనో ఉన్నప్పుడు పాలసీసా కడుగు పని మన చేతికే వచ్చును. "కాస్త ఆ సీసా కడిగి పెట్టమ్మా" అన్న మాట విని, కుళాయి క్రింద రెండు మారులు ఆడించి, మూత బిగించి ఇచ్చివేయుట మనకు అలవాటే. పని చూచుటకు చిన్నది. కాని ఆ సీసా నోట పెట్టుకొను బిడ్డకు రోగమును ఎదిరించు శక్తి ఇంకను పూర్తిగా రాలేదు. పెద్దలకు ఒక పూట కడుపునొప్పితో పోవునది పసిబిడ్డకు విరేచనములై, ఒంటిలోని నీరంతయు పోయి, ప్రాణము మీదికి వచ్చును.

సీసాను గూర్చి వ్రాయుచున్నామని సీసాను మెచ్చుకొనుచున్నామని ఎవరును తలపరాదు. మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప మంచినీళ్లైనను అక్కరలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మన దేశములో 1992లో వచ్చిన చట్టము పాలసీసాలకు, శిశువుల పాలపొడులకు ప్రకటనలిచ్చుటను నిషేధించినది. అయినను తల్లిని కోల్పోయిన బిడ్డలు, తల్లి జబ్బుపడిన ఇండ్లు, పని మానుకొనలేని తల్లులు ఉన్నారు. సీసా తప్పని ఆ ఇండ్ల కొరకే ఈ వ్యాసము.

పందొమ్మిదవ శతాబ్దములో ఇంగ్లండులో ఒక రకపు పాలసీసా బహుళ ప్రచారము పొందెను. గాజుసీసాకు పొడవైన రబ్బరు గొట్టము, గొట్టము చివర పీక. బిడ్డ పండుకొని తనంతట తానే త్రాగును గనుక తల్లులకు అది ఎంతో అనుకూలముగా తోచెను. అయితే ఆ గొట్టము లోపలికి ఏ బ్రష్షును పోదు. పాలు లోపల అంటుకొని పులిసి, సూక్ష్మక్రిములకు నిలయమయ్యెను. ఎందరో శిశువులు మరణించిన పిదప జనులు వాటిని "హంతక సీసాలు" అని పిలిచిరి. ఫ్రాన్సు దేశము 1910లో గొట్టపు సీసాలను చట్టముచే నిషేధించెను.

ఆ గొట్టము నేడు లేదుగాని, చేయి చేరని చోటులు మన సీసాలోను ఉన్నవి. పీక కొననున్న సన్నని రంధ్రము, పీక అంచు క్రింది గాడి, మూత లోపలి మరచుట్లు, సీసా అడుగు మూలలు. కొనునప్పుడే వెడల్పు మూతి గల సీసాను ఎన్నుకొనిన సగము కష్టము తీరును. పాలికార్బొనేటు అను ప్లాస్టికుతో పాలసీసాలు చేయరాదని మన దేశ ప్రమాణము 2015లో నిర్దేశించినది. కావున ఇంటిలో మూలపడియున్న పాత ప్లాస్టికు సీసాను మరల వాడకుండుట మేలు.

"ఎట్లును మరిగించెదము గదా, కడుగుట ఎందుకు?" అని కొందరు అడుగుదురు. ఇక్కడనే పొరపాటు జరుగుచున్నది. పాలలో కొవ్వు, మాంసకృత్తులు ఉన్నవి. కోడిగ్రుడ్డు ఉడికినప్పుడు తెల్లసొన గట్టిపడినట్లే, కడుగని సీసాను మరిగించినచో మిగిలిన పాలు గట్టిపడి గోడకు అంటుకొనును. ఆ పొర క్రింద క్రిములకు రక్షణ దొరకును. కావున ముందు కడుగుట, పిదప మరిగించుట. ఈ వరుస తప్పరాదు.

బిడ్డ త్రాగిన వెంటనే సీసా, పీక, మూత విడదీసి చన్నీటితో తొలుచవలెను. పాలు ఎండిన పిమ్మట శ్రమ నాలుగింతలగును. తరువాత చేతులు సబ్బుతో కడుగుకొని, అంట్లు తోము తొట్టిలో కాక, ఇందుకే ఉంచిన గిన్నెలో వేడి సబ్బునీటితో, పొడవాటి బ్రష్షుతో రుద్దవలెను. పీకను, అనగా మన ఉర్దూ ఇండ్లలో చుస్నీ అను దానిని, లోపలి వైపు బయటికి తిప్పి రుద్ది, రంధ్రము గుండా సబ్బునీరు చిమ్ము వరకు నొక్కవలెను. పిదప మంచినీటితో సబ్బు పోవు వరకు కడుగవలెను. బ్రష్షును తడిగా మూల పడవేయక, కడిగి ఆరవేయవలెను.

మరిగించుటకు లోతైన గిన్నె, దానికి సరియైన మూత కావలెను. అన్ని భాగములు పూర్తిగా మునుగవలెను. సీసాలో గాలి నిలిచినచో ఆ చోటికి నీరు చేరదు. గాజుసీసా అయినచో చన్నీటిలోనే ఉంచి పొయ్యి వెలిగించవలెను, లేనిచో పగులును. నీరు తెర్లుచుండగా పది నిమిషములు. లెక్క తెర్లుట మొదలైనప్పటినుండియే గాని, పొయ్యి వెలిగించినప్పటినుండి కాదు. రబ్బరు పీక జిగటగా మారినను, చీలినను పారవేయవలెను.

మా పొరుగున ఒక ఇంట దినమునకు రెండు మారులు శ్రద్ధగా సీసా మరిగించెడివారు. అయినను బిడ్డకు విరేచనములు కట్టలేదు. ఒకనాడు మేము అక్కడ కూర్చుండి చూచితిమి. దాదీమా మరిగిన సీసాను తీసి, తడి పోవుటకు చీరచెంగుతో లోపల తుడిచి, పాలు సరిగా వచ్చుచున్నవో లేదో అని పీకను తన నోట పెట్టుకొని చూచి, పిదప మనుమనికి అందించెను. ఆమె ప్రేమలో లోపమేమియు లేదు. చెప్పుటకు మాకును నోరు రాలేదు. చివరకు ఆ ఇంటి కోడలితో మెల్లగా చెప్పితిమి. మరిగిన వస్తువులను వాడు వరకు మూత పెట్టిన ఆ గిన్నెలోనే ఉంచవలెను. కడిగిన చేతులతోనో, వాటితోపాటు మరిగించిన పట్టకారుతోనో తీయవలెను. గుడ్డతో తుడువరాదు. పాలధారను సరిచూచుటకు సీసాను వంచిన చాలును. వేడిని మణికట్టుపై ఒక చుక్కతో చూడవచ్చును.

సీసా శుభ్రముగా ఉన్నను పాలపొడి క్రిమిరహితము కాదను సంగతి చాలమందికి తెలియదు. అందుచే 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, పొడిని 70 డిగ్రీల సెంటీగ్రేడుకు తగ్గని నీటిలో కలిపి, చల్లార్చి, రెండు గంటల లోపల త్రాగించవలెనని సూచించెను. బిడ్డ మిగిల్చిన పాలు "మరల ఏడ్చినప్పుడు ఇత్తము" అని దాచరాదు. అనుకూలమైన వెచ్చదనములో కొన్ని క్రిములు ఇరువది నిమిషములకొకసారి రెట్టింపగును. ఆ లెక్కన ఒక్క క్రిమి గంటలో 8, నాలుగు గంటలలో 4096 అగును. పాలపొడి ఖరీదైనదే, పారబోయుటకు మనసొప్పదు. తక్కువగా కలిపి, చాలనిచో మరల కలుపుట మంచిది.

ఇంత శ్రమకు వీలులేని ఇంట మన పెద్దల ఉగ్గుగిన్నె ఉండనే ఉన్నది. పీక లేదు, మరచుట్లు లేవు, లోపలంతయు కంటికి కనిపించును. బిడ్డను ఒడిలో కొంచెము ఎత్తుగా పట్టుకొని, తొందరపడక, కొద్దికొద్దిగా పట్టవలెను. సీసాకు బదులు గిన్నె, చెంచా వాడుమని నేటి శిశువైద్యులును చెప్పుచున్నారు. అటకమీది గిన్నెను దింపి చూడుడు. దాని ముక్కు వంపులో మాత్రము పాలు ఎండి నిలుచును గనుక అక్కడ సన్నని బ్రష్షు ఆడించి, దానిని కూడ పది నిమిషములు మరిగించవలెను.